పని లేకుండానే బొంబాయికి

హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు నేను నిర్మల్‌లో లేను, బొంబాయిలో ఉన్నాను. అక్కడ ఏం చేస్తున్నావని ఊరి మనుషులు ఎవరైనా అడిగితే ఆర్టిస్టునని చెప్పేవాణ్ణి. అసలు సంగతి, మా ఆవిడ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని ఆకు కత్తిరించి ఇస్తున్నాను. ఆ ఆకునైనా తిన్నగా కత్తిరించనని ఆమె రోజూ తిట్టేది.

అంతకుముందు నిర్మల్‌లో నాకు పని ఉండేది. మంచి పనే. బొమ్మల కార్ఖానాలో రంగులు వేసేవాణ్ణి. పొనికి కర్రతో చెక్కిన బొమ్మలకు చింతగింజల ముద్ద పట్టించి, తెల్లసుద్ద పూసి, ఆరాక మా చేతికి ఇచ్చేవారు. నా వంతుకు పళ్ళు వచ్చేవి. సీతాఫలానికి కళ్ళు దిద్దడం, జామపండు మీద పసుపూ పచ్చా కలిసీ కలవనట్టు చేయడం నా పని. ఏనుగులు, జింకలు పెద్ద పనివాళ్ళ చేతికి పోయేవి. ఎన్నేళ్ళు చేసినా కార్ఖానా ఉస్తాదు నాకు ఏనుగును ఇవ్వలేదు. ఒకసారి అడిగేశాను.

"నీ చేయి మంచిదే గని దానికి తొందరెక్కువ. ఏనుగు కాడ తొందర పన్కిరాదు" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. కార్ఖానా వదిలేసి బోర్డులు రాయడం మొదలుపెట్టాను. నిజాం కాలపు బడిలో నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివాను కాబట్టి ఉర్దూ రాయగలను. భైంసా పత్తి వ్యాపారులు మరాఠీ అక్షరాలు అడిగేవారు, అవీ నేర్చుకున్నాను. తెలుగు మా ఇంటి మాట. అక్కడక్కడా చూసి అక్షరాలు కొంత పట్టుకున్నానే గానీ, మాట్లాడే భాషను రాయడానికి మళ్ళీ నేర్చుకోవడమేమిటని ఎవరి దగ్గరా కూర్చోలేదు. అప్పట్లో తెలుగు బోర్డు అడిగేవాళ్ళు కూడా అరుదు. కిరాణా దుకాణాలు, పిండి గిర్నీలు, చాయ్ హోటళ్ళు. ఇల్లు గడిచేది.

అట్లా ఉండగా ఊరూరా డేరా వేసి సినిమాలు ఆడించే ఒక సేటు నిర్మల్‌కు వచ్చాడు. బస్సులు ఆగే చోట ఉన్న చాయ్ హోటలు బోర్డు మీద నేను ఒక నెమలిని వేసి ఉంచాను. ఆయన కప్పు పట్టుకుని దాని కింద నిలబడి, తల ఎత్తి చాలాసేపు చూశాడు. నేను అక్కడే ఉన్నాను. ఉన్నానంటే, ఎవరైనా చూస్తారేమోనని రోజూ ఆ వేళకు అక్కడే ఉండేవాణ్ణి.

"ఇది ఎవరి చేయి?" అని ఉర్దూలో అడిగాడు.

"నాదే సాబ్."

"ఈ చేయి బొంబాయిలో ఉండాల్సింది. అక్కడైతే దీనికి బంగారు కడియం తొడుగుతారు."

ఆయన అదే వారంలో గడ్డం గీయించుకుంటూ మంగలితో కూడా ఆ మాటే అన్నాడట. మిఠాయి దుకాణం వాడితోనూ అన్నాడట. మంగలి తెలివైనవాడు, నవ్వి రెండో చెంపకు సబ్బు రుద్దాడు. నేను ఇంటికి వెళ్ళి మా ఆవిడతో, "సామాన్లు సదురు, బొంబాయి పోతున్నం" అన్నాను.

మాకు పెళ్ళై అప్పటికి రెండేళ్ళు. ఆమెది కరీంనగర్ జిల్లా, జగిత్యాల పక్కన పల్లె. ఆమె మేనమామ బొంబాయిలో బట్టల మిల్లులో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తుండేవాడు. ఉండడానికి ఇల్లు ఉన్నట్టేనని నా లెక్క. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అడిగింది.

"అక్కడ నౌకరి దొర్కిందా?"

"దొర్కుతది."

"ఎవలు ఇస్తమన్నరు?"

"సేటు చెప్పిండు."

"ఏ సేటు? ఆయన పేరేంది? దుకాణమెక్కడ?"

అవేవీ నేను అడగలేదు. ఆ సంగతి ఆమెకు తెలియనివ్వకుండా, "నీకు ఎందుకు గా ఫికర్?" అని గొంతు పెంచాను. గొంతు పెంచినప్పుడల్లా నా దగ్గర జవాబు లేదని ఆమెకు అప్పటికే అర్థమైపోయింది.

బాపుతో చెప్పడం ఇంకా కష్టమైంది. ఆయన ఊరి బయట కొంచెం జొన్న, కొంచెం పత్తి వేసుకుని బతికే మనిషి. ఎడ్లకు నీళ్ళు పెడుతూ విన్నాడు.

"పని దొర్కినంక పోతరు బిడ్డా. పోయినంక పని దేవులాడుతరా ఎవలన్న?"

"బొంబాయిల పనే మనిషిని దేవులాడుకుంట వస్తది బాపూ."

"వస్తె రానియ్యి. మన ఇల్లు దానికి ఎర్కలేదా?"

పక్కింటి పెద్దాయన గోడ మీది నుంచి తల పెట్టి, "బొంబాయి స్టేట్ల కల్లు బందు గదరా! సర్కారే బందు వెట్టింది. కల్లు లేని రాజ్యానికి ఎవడన్న కాళ్ళతోని నడిచి పోతడా?" అన్నాడు. ఆ ఒక్క మాటకు మాత్రం నేను కొంచెం ఆగాను. కానీ అప్పటికే చాయ్ హోటల్లో, బస్ డ్రైవర్లకు, పాత ఉస్తాదుకు, ఆఖరికి ఉస్తాదు అల్లుడికి కూడా చెప్పేసి ఉన్నాను. వెనక్కి తగ్గడానికి వీల్లేదు.  నన్ను కన్న అవ్వ ఒక గోనె సంచి నిండా జొన్నలు పోసి మూతి కుట్టింది. "గాడ ఏం దొర్కుతదో ఏం దొర్కదో" అంది. ఆ సంచిని నిర్మల్ నుంచి నిజామాబాద్ దాకా బస్సు మీద, అక్కడి నుంచి చిన్న రైల్లో మన్మాడ్ దాకా, మన్మాడ్‌లో పెద్ద రైల్లోకి మార్చి బొంబాయి దాకా మోసింది నేను. నా కుంచెల సంచీని మాత్రం మా ఆవిడకు ఇచ్చాను. రైల్లో ఎవరో దాన్ని చూసి, "సున్నాలేస్తరా?" అని అడిగారు.

మామ స్టేషనుకు వచ్చాడు. మంచి మనిషి. మమ్మల్ని చూసి నవ్వాడు, జొన్నల సంచి చూసి ఇంకా గట్టిగా నవ్వాడు. తర్వాత అడిగాడు.

"ఎన్ని రోజులుంటరు అల్లుడా?"

"ఉండెటందుకే వచ్చినం మామా."

మామ నవ్వు అక్కడ ఆగిపోయింది. ఒక్క క్షణమే. మళ్ళీ సంచి భుజానికెత్తుకుని, "నడువుండ్రి నడువుండ్రి" అన్నాడు.

మామ ఇల్లంటే ఒక గది. మిల్లుల దగ్గర పొడుగాటి మూడంతస్తుల కట్టడం, అంతస్తుకు ఒక వసారా, వసారా పొడుగునా గదులు. ఆ ఒక్క గదిలో మామ, అత్త, వాళ్ళ పిల్లలు. వీళ్ళు కాక మామ ఊరివాళ్ళే ఇద్దరు పెళ్ళికాని మనుషులు గదిలో చోటు కిరాయికి తీసుకుని ఉండేవారు. వాళ్ళది రాత్రి పాళీ. పొద్దున మిల్లు నుంచి వచ్చి పడుకుంటారు. రాత్రి నేను ఏ చోట పడుకుంటానో పొద్దున అదే చోట వాళ్ళు పడుకోవాలి. అందుకని పని ఉన్నా లేకపోయినా, తెల్లారగానే నేను చాప వదిలి బయటికి పోవాల్సిందే. మా ఊళ్ళో పని లేనివాడు మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. బొంబాయిలో పని లేనివాడు అందరికంటే ముందు లేస్తాడని అక్కడికి పోయాకే తెలిసింది.

ధరల సంగతి నేను కొంత ఊహించుకునే పోయాను. బియ్యం, కూరగాయలు, గది కిరాయి ఎక్కువేనని అందరూ చెప్పారు. కానీ మొదటి రోజు పొద్దున వీధిలో ఒకతను వేపపుల్లలు కట్టలు కట్టి అమ్ముతుంటే నేను కదలకుండా నిలబడిపోయాను. వేపపుల్ల! పళ్ళు తోముకునే వేపపుల్ల! గదికి వచ్చి మా ఆవిడకు చెప్తే ఆమె నమ్మలేదు. వసారాలోకి వచ్చి స్వయంగా చూసుకుంది.

"మన పెరట్ల చెట్టున్నది గద," అంది నెమ్మదిగా, "దాన్ని తెచ్చుకుంటె సేటు చెప్పిన కడియం మనమే చేపిచ్చుకుంటుంటిమి."

నేను వారం రోజులు పంతంగా బొగ్గుతో తోముకున్నాను. తర్వాత చూస్తే బొగ్గు కూడా కొనేదే.

పని కోసం తిరగడం మొదలుపెట్టాను. సినిమా హాళ్ళకు పెద్ద పెద్ద గుడ్డల మీద బొమ్మలు వేసే దుకాణాలు గ్రాంట్ రోడ్డు వైపు ఉన్నాయని మామ కనుక్కుని చెప్పాడు. ఆదిలాబాద్ మరాఠీతో దారి అడిగితే జనం ముందు నవ్వేవారు, తర్వాత దారి చెప్పేవారు. అప్పుడు అక్కడా బొంబాయి మరాఠీలదా గుజరాతీలదా అన్న గొడవే నడుస్తోంది. కొన్ని రోజులు దుకాణాలే తెరిచేవారు కాదు. నా తిరుగుడు రోజుల్లో ఎన్నో రోజులు మూసిన తలుపుల ముందే గడిచిపోయాయి. మా దగ్గరేమో హైదరాబాద్‌ను ముక్కలు చేస్తారని, ఆంధ్రలో కలుపుతారని మాటలు. ఒక రాష్ట్రం గొడవ వదిలేసి ఇంకో రాష్ట్రం గొడవలోకి నడిచివచ్చానన్నమాట.

చివరికి ఒక దుకాణం ఉస్తాదు నన్ను పరీక్షించడానికి ఒప్పుకున్నాడు. పెద్ద గోదాము. గోడ నిండా గుడ్డ కట్టి, దాని మీద గళ్ళు గీసి, ఒక హీరోయిన్ ముఖాన్ని సగం పూర్తి చేసి ఉంచారు. ముఖమే మా ఇంటి పైకప్పంత ఉంది. కుడి కన్ను అయిపోయింది. ఎడమ కన్ను నన్ను వేయమన్నాడు. వెదురు కర్రల మంచె ఎక్కాను. నేను జీవితంలో వేసిన అతి పెద్ద కన్ను చాయ్ హోటలు నెమలిది, గోరంత ఉంటుంది. ఇక్కడ కంటిపాప ఒక్కటే బండిచక్రమంత ఉంది. దగ్గర నుంచి చూస్తే అది కన్నో చెరువో తెలియదు. భయం వేసింది. భయం వేసినప్పుడు మనిషి తనకు బాగా వచ్చిన పని చేస్తాడు. నాకు బాగా వచ్చింది నిర్మల్ పని. మా బొమ్మలకు బంగారు చాయ పెడతాం, దానికే పేరు. బొంబాయివాళ్ళు ఇట్లాంటిది చూసి ఉండరని, తెల్లగుడ్డు మీద సన్నగా బంగారు చాయ పట్టించాను. అంచులకు ఇంకొంచెం. ఎంతో ఓపికగా చేశాను. నిర్మల్ ఉస్తాదు తొందర అన్నాడు కదా, ఆయన చూస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

మంచె దిగి గోదాము చివరిదాకా వెనక్కి నడిచి, తిరిగి చూశాను. అప్పటికే పనివాళ్ళందరూ చేతుల్లో కుంచెలు పట్టుకుని చూస్తున్నారు.  ఉస్తాదు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మియా, ఈమెకు పచ్చకామెర్లు వచ్చాయి" అన్నాడు ఉర్దూలో. "సినిమాలో ఆమెకు ఆ జబ్బు లేదు."

గోదాము మొత్తం నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. నాకు చాయ్ తెప్పించాడు. నేను తాగుతుంటే, నీది అరచేతిలో పెట్టుకుని చూసే పని, ఇక్కడ ట్రాములో పోయేవాడు చూడాలి, అని చెప్పాడు. ఆయన అంత మర్యాదగా చెప్పకపోతే నాకు కొంచెం కోపమైనా వచ్చి ఉండేది. ఇంటికి వచ్చి, "అక్కడ పని తక్కువున్నది, నేనే వద్దన్న" అని చెప్పాను. మామ తల ఊపాడు. మా ఆవిడ నా చొక్కా మీద పడ్డ బంగారు రంగు వైపు చూసి, నానబెడతాను విప్పమంది.

ఆ తర్వాత దొరికిన పని ఒక దర్జీ దగ్గర. పరేల్‌లో కొత్తగా దుకాణం పెట్టుకున్నాడు. బోర్డు ఇంగ్లీషులో ఉంటేనే సూట్లు కుట్టించుకునేవాళ్ళు లోపలికి వస్తారని ఆయన నమ్మకం.

"ఇంగ్లీషు వస్తుందా?" అని అడిగాడు.

"నాలుగు భాషల్లో రాస్తాను" అన్నాను. హోటల్ అన్న ఒక్క ముక్క ఇంగ్లీషులో రాయడం వచ్చు కాబట్టి నాలుగో భాషగా దాన్ని లెక్కలో వేసుకున్నాను.

ఏం రాయాలో ఒక కాగితం మీద ఉంది. పై మేడలో ఉండే గుమాస్తా ఒకాయన రాసిచ్చాడు. నేను ఆ అక్షరాలను బొమ్మల్లాగా చూసి, ఒక్క గీత పోకుండా బోర్డు మీదికి ఎక్కించాను. కాగితం మీద నాలుగు వరుసలు ఉన్నాయి. పై రెండూ పెద్దగా ఉన్నాయి, నేనూ పెద్దగా రాశాను. కింది రెండూ చిన్నగా ఉన్నాయి, చిన్నగా రాసి చుట్టూ ఒక లత తిప్పాను. దర్జీ చూసి మురిసిపోయాడు. బోర్డు ఎక్కించాము, అగరొత్తులు వెలిగించాము.

కొన్నాళ్ళకు ఆ దారిన పోతూ, నా బోర్డును చూసుకుందామని ఆగాను. దర్జీ ముఖం పీక్కుపోయి ఉంది. గిరాకీ బాగానే వస్తోందట. కానీ వచ్చిన ప్రతివాడూ శనివారానికే కావాలంటున్నాడట. శనివారం కాదంటే బోర్డు వైపు చేయి చూపించి గొడవపడుతున్నారట. "ఈ పేటలో శనివారం ఏదైనా మంచి రోజా?" అని నన్నే అడిగాడు. నాకేం తెలుసు? ఆంజనేయుడి రోజు కదా, అందుకేమో అన్నాను. మేమిద్దరం ఆ ఆలోచనలో ఉండగానే సెలవు మీద పోయిన గుమాస్తా ఊరి నుంచి తిరిగి వచ్చి, మెట్లెక్కబోతూ బోర్డు చూసి, రెయిలింగు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కింది రెండు వరుసలూ దుకాణం గురించి కావు, నాకు. అక్షరాలు ఎర్రగా ఉండాలి, శనివారానికి తయారు కావాలి, అని పెయింటరు కోసం రాసినవి. బోర్డు రాసిన నాకూ ఇంగ్లీషు రాదు, రాయించిన దర్జీకీ రాదు. వాటిని లతతో సహా గీకి తీసేసి వచ్చాను. మజూరీ అడగడానికి నోరు రాలేదు.

ఈలోగా గదిలో నెమ్మదిగా వేడి పుట్టింది. అత్త చెడ్డది కాదు. ఆమె గిన్నెలు కడిగే చప్పుడు మాత్రం రోజురోజుకూ పెరిగింది. మా ఆవిడకు ఆ చప్పుడు నాకంటే ముందు అర్థమైంది. అదే వసారాలో తెలుగువాళ్ళ ఆడవాళ్ళు కొందరు బీడీలు చుట్టేవారు. మా ఆవిడది చిన్నప్పుడు జగిత్యాల వైపు తన అవ్వ పక్కన కూర్చుని చుట్టిన చేయి, మర్చిపోలేదు. నాకు చెప్పకుండానే వాళ్ళతో కలిసింది. ఆమె మొదటి వారం కూలి అత్త చేతిలో పెట్టిన రోజు నుంచి గిన్నెలు మళ్ళీ మెత్తగా మోగాయి.

"నువ్వు ఊకెనే తిరిగి చెప్పులరగదీసుకుంటున్నవ్" అంది నాతో. "కూసుండి ఆకు గోస్తె రెండు కట్టలెక్కువైతయ్."

కూర్చున్నాను. తడిపిన తునికాకు మీద రేకు పెట్టి కత్తెరతో కొలత ప్రకారం కోయాలి. ఆ ఆకు మా ఆదిలాబాద్ అడవుల్లోంచి వచ్చింది కావచ్చు. నేను రైలు కిరాయి పెట్టుకుని వచ్చాను, అది మూటలో వచ్చింది. తేడా ఏమిటంటే దానికి ఇక్కడ పని ఉంది. వసారాలో ఆకు కోసే మగవాణ్ణి నేనొక్కణ్ణే. ఆడవాళ్ళు మొదట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు, తర్వాత అలవాటైపోయి నా ముందే తమ మొగుళ్ళను తిట్టుకునేవారు. ఆ మాటలు వింటుంటే నేను అంత పనికిమాలినవాణ్ణి కాదేమో అనిపించేది. మా ఆవిడ వంతు వచ్చేదాకా.

వర్షాలు వెళ్ళాయి. మామ ఒక పెళ్ళికని జగిత్యాల పోయి వచ్చాడు. వస్తూనే, చేతిసంచి కింద పెట్టకుండానే నన్ను పిలిచాడు.

"అల్లుడా, నువ్వు గీడ ఆకు గోస్తున్నవ్. గాడేమైతుందో ఎర్కేనా?"

"ఏమైంది మామా?"

"రాజ్యం మారింది గదా! బోర్డులన్నీ మారుస్తున్రు. తాలూకా కచేరి, బడి, దవఖాన, పోలీసు ఠాణా, అన్ని. ఉర్దూ తీసేసి తెలుగుల రాస్తున్రు. కరీంనగర్ల, జగిత్యాలల, మీ నిర్మల్ల గూడ. రంగులేసెటోడు దొర్కుతలేడు. సున్నమేసెటోన్ని వెట్టి రాపిస్తున్రు. గా రాత చూస్తె కండ్లు వోతయ్!"

నా చేతిలో కత్తెర అట్లాగే ఆగిపోయింది. నా బతుకులో బోర్డుల పని అంత ఎప్పుడూ రాలేదు, మళ్ళీ రాదు. రెండు జిల్లాల్లో ఉన్న ప్రతి గుమ్మం మీద ఉన్న రేకు ఒక్కసారిగా మారుతోంది. సరిగ్గా ఆ ఏడే చూసుకుని నేను పని వెతుక్కుంటూ బొంబాయి వచ్చాను.

"పోదాం" అన్నాను. వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి మెడ వంగిపోయింది. "ఏ మొఖం వెట్టుకోని పోవాలె? అందరికి చెప్పివస్తిమి."

మా ఆవిడ ముడి వేస్తున్న బీడీని చివరికంటా ముడి వేసి, పళ్ళెంలో పెట్టింది. "పని దొర్కక వచ్చినమని ఎందుకు చెప్తవ్? పని ఉన్నదంటె వచ్చినమని చెప్పు. అబద్ధమా?"

అబద్ధం కాదు. నేను ఎంత ఆలోచించినా అంత మంచి మాట దొరికేది కాదు.

హైదరాబాద్ స్టేట్ నుంచి బయలుదేరినవాళ్ళం ఆంధ్రప్రదేశ్‌లో దిగాము. దిగింది మళ్ళీ నిజామాబాద్ స్టేషన్లోనే. బస్సు గోదావరి దాటుతుంటే మా ఆవిడ నీళ్ళను చూసి దండం పెట్టుకుంది. నేను మాత్రం దారి పొడుగునా బోర్డులే చూస్తున్నాను. మామ చెప్పింది నిజం. సున్నాలు వేసేవాడి రాత అడుగడుగునా కనిపించింది. ఒక్కో అక్షరం ఒక్కో వైపు ఒరిగి, జాతర నుంచి తిరిగి వస్తున్నవాళ్ళలా ఉన్నాయి. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ఇంటికి చేరితే బాపు ఎడ్లను కట్టేసి వచ్చాడు. "నీ రంగు డబ్బలు అటుక మీద వెట్టిన. ఎండినయో ఏమో చూసుకో" అన్నాడు. సగం ఎండిపోయాయి.

మొదటి పని వెంటనే వచ్చింది. పక్క ఊళ్ళో బడికి బోర్డు. మంచి రేకు, నీలం మీద తెల్ల అక్షరాలు. బొంబాయి నుంచి వచ్చిన ఆర్టిస్టని ఎవరో చెప్పినట్టున్నారు, నేను కాదనలేదు. రాసి, ఎక్కించి, కింద నిలబడి చూస్తుంటే హెడ్‌మాస్టరు బయటికి వచ్చారు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"ఏమండీ, ఇది పాఠశాలా, పాటశాలా?"

నాకు అర్థం కాలేదు. "అదే సార్."

"ఏది? మీరు పాటశాల అని రాశారు. ఇక్కడ పాటలు నేర్పుతామనుకుంటారు జనం. ఠ కావాలండీ, మధ్యలో చుక్క ఉంటుంది. ఆ ముందు ప్రాథమికలో కూడా చుక్క పోయింది."

ఉర్దూలో నుక్తా అనే చుక్కను ఒక్కటి పోనివ్వనివాణ్ణి. అరవై బారల దూరం నుంచి మరాఠీ అక్షరం తప్పు పట్టేవాణ్ణి. కడుపులోంచి వచ్చిన మాటను రాయమంటే చుక్క ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"ఒక్క చుక్క కోసం ఏముంది సార్. లోపల పోరగాండ్లు చదువుతున్రా, పాటలే పాడుతున్రు గదా."

నిజంగానే లోపల పిల్లలు గొంతెత్తి ఏదో పాడుతున్నారు. ఆయన నన్ను కొరకొరా చూసి, ఉన్నట్టుండి నవ్వేశారు. తర్వాత ఆయన చేసిన పని నేను ఎప్పటికీ మరిచిపోను. బోర్డు దిద్దమని పంపించేయలేదు. బడి లోపలి గోడ మీద వర్ణమాల మొత్తం పెద్ద అక్షరాల్లో రాయాలని ఇంకో పని ఇచ్చారు. పలక మీద ఆయన ఒక్కో అక్షరం రాసి చూపించడం, నేను గోడ మీద రాయడం. ఠ దగ్గర ఆగి, "చుక్క" అనేవారు. థ దగ్గర ఆగి మళ్ళీ, "చుక్క" అనేవారు. ధ దగ్గర, "ఒత్తు అండీ, కిందికి" అనేవారు. నాకు చదువు చెప్తున్నారని నాకు సగం గోడ అయ్యాక గానీ తెలియలేదు. గోడకు కూలి కూడా ఇప్పించారు. తెలుగు నేర్చుకున్నందుకు కూలి తీసుకున్నవాణ్ణి ఈ రాష్ట్రంలో నేనొక్కణ్ణేనేమో.

అక్కడి నుంచి పది పన్నెండేళ్ళు నాకు తీరిక లేదు. బళ్ళు, దవఖానలు, బస్సుల మీద ఊళ్ళ పేర్లు, బొగ్గుబావుల ఊళ్ళలో క్వార్టర్ల నంబర్లు. ఒకసారి జైనూర్ వైపు కొండల్లో ఒక బడికి రాయడానికి లారీలో పోయాను. గుడిసె బడి. అక్కడి గోండు పెద్ద నా పని అయ్యేదాకా పక్కన కూర్చుని చూశాడు. అయ్యాక, ఇది ఏ భాష అని అడిగాడు. తెలుగు అన్నాను. "మా పిల్లలకు రాదే" అన్నాడు మరాఠీ కలిసిన మాటలో. నేర్చుకుంటారు, నేనూ మొన్ననే నేర్చుకున్నాను అని చెప్పాను. ఆయన నా గడ్డం వైపు, అందులో తెల్లవెంట్రుకల వైపు చూసి, నమ్మలేదు. నేను అబద్ధాలు చెప్పే రోజుల్లో అందరూ నమ్మారు, నిజం చెప్తే ఎవరూ నమ్మలేదు.

మొన్న ఎండాకాలంలో మా బావమరిది కొడుకు జగిత్యాల నుంచి వచ్చాడు. పెళ్ళైంది, మెట్రిక్ పాసయ్యాడు, పని లేదు. బొంబాయి పోతానన్నాడు.

"నౌకరి దొర్కిందా?" అని అడిగాను.

"పోయినంక చూసుకుంట మామా."

నేను అరుగు మీద సర్దుకుని కూర్చున్నాను. వయసు వచ్చాక మనిషికి ఇట్లాంటి అవకాశాలు తక్కువ. పని చూసుకోకుండా దూరదేశం పోవడం ఎంత తప్పో, అక్కడ చోటు ఎంత ఇరుకో, ధరలు ఎంత మండుతాయో, పొగిడేవాళ్ళ మాట నమ్మితే ఏమవుతుందో మొత్తం చెప్పాను. చాలాసేపు చెప్పాను. మా ఆవిడ లోపల జొన్నరొట్టె కొడుతూ మధ్య మధ్య దగ్గుతోంది. అతను ఎంతో వినయంగా విన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే మామా" అన్నాడు. తిన్నాడు, పడుకున్నాడు, తెల్లారి మొదటి బస్సుకు వెళ్ళిపోయాడు.

వారం తిరగకుండా మిల్లులో అతనికి పని దొరికిందని, వేరుగా గది కూడా చూసుకున్నాడని బొంబాయి నుంచి మామ కబురు పంపించాడు. మా ఆవిడ ఆ సంగతి వాడకట్టంతా సంబరంగా చెప్పుకొచ్చింది. తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అంది.

"పిలగాడు మంచిగ పనిమంతుడు. నీ మాట ఇనలే, గదే నయమైంది."

నేను అవునన్నాను. బస్టాండు కొత్త బోర్డుకు సుద్ద పూసి ఎండలో పెట్టి వచ్చాను, ఆరిందో లేదో చూడాలని చెప్పులు వేసుకున్నాను.